తోడల్లుళ్ల నూనె

కాకినాడలో ఇద్దరు తోడల్లుళ్లు ఉండేవారు. ఇద్దరిదీ వంటనూనె వ్యాపారమే. మామగారు ఇద్దరికీ సమానంగా పెట్టుబడి ఇచ్చారు. బ్యాంకు కూడా ఇద్దరికీ ఒకేపాటి అప్పు ఇచ్చింది. పండక్కి వెళ్తే ఒకరి విస్తట్లో గారెలు ఎక్కువ, రెండోవారి విస్తట్లో తక్కువ కాకుండా అత్తగారు కనిపెట్టుకుని ఉండేది. తేడా అంటూ వస్తే అది అల్లుళ్ల చేతుల మీదుగా రావలసిందే తప్ప ఆ ఇంటి నుంచి వచ్చే అవకాశం లేదు.

2024 వేసవిలో ఇద్దరూ ఒకే ఓడలో సరుకు తెప్పించారు. ఇండోనేషియా నుంచి ముడి పామాయిల్, చెరి వెయ్యి టన్నులు. జూన్ మొదటి వారంలో ఓడ రేవుకొచ్చింది. అప్పటికి ముడి పామాయిల్ మీద మూల సుంకం లేదు. వ్యవసాయ సెస్సు 5 శాతం, దాని మీద సర్‌ఛార్జీ కలుపుకుంటే మొత్తం 5.5 శాతం పడేది. సుంకం లెక్కకు ఒక్కొక్కరి సరుకు విలువ ఇంచుమించు 8 కోట్ల రూపాయలని తేలింది. అంటే చెరి 44 లక్షలు కట్టాలి. జీఎస్టీ వేరే ఉంది గానీ అది తరవాత సర్దుబాటయ్యేదే కనుక ఈ కథకు దానితో పని లేదు.

ఇద్దరి దగ్గరా ఉన్న రొక్కమంతా ఓడ సరుకు మీదే పోయింది. నూనె అమ్మితే గానీ డబ్బు రాదు. సుంకం కడితే గానీ నూనె అమ్మడానికి వీల్లేదు. దిగుమతి వ్యాపారులు తరతరాలుగా పడుతున్న చిక్కు ఇది. దాన్ని విప్పడానికే బాండెడ్ గోదాములు వచ్చాయి. మన దేశంలో 1878 నాటి సముద్ర కస్టమ్స్ చట్టంలోనే వాటికి చోటుంది. ఇప్పుడు నడుస్తున్న 1962 కస్టమ్స్ చట్టంలో తొమ్మిదో అధ్యాయమంతా వాటి గురించే. సరుకు రేవులో దిగుతుంది, సుంకం కట్టకుండానే లైసెన్సు ఉన్న గోదాములోకి చేరుతుంది. యజమాని అక్కడికి వెళ్లి దాన్ని చూసుకోవచ్చు, కొనేవాళ్లకు చూపించవచ్చు. ఎప్పుడు ఎంత కావాలంటే అప్పుడు అంతవరకే సుంకం కట్టి బయటికి తెచ్చుకోవచ్చు. ఇక్కడ అమ్మడం గిట్టుబాటు కాకపోతే, దిగుమతి సుంకం కట్టకుండానే అక్కడి నుంచి వేరే దేశానికి పంపేయవచ్చు. పన్ను వేసే చేయి ఇంత వెసులుబాటు ఇవ్వడం అరుదు. దాని విలువ తెలిసి వాడుకునేవాళ్లు అంతకంటే అరుదు.

తోడల్లుళ్లిద్దరికీ ఒకడే క్లియరింగ్ ఏజెంటు. అతను ఇద్దరి తరఫునా గోదాముకు వెళ్లే సరుకు కోసం బిల్ ఆఫ్ ఎంట్రీ వేశాడు. కాగితాల కాలంలో ఆ బిల్లు పసుపు రంగులో ఉండేది, గోదాములోంచి సరుకు తీసేటప్పుడు వేసేది ఆకుపచ్చ రంగులో ఉండేది. ఇప్పుడు రెండూ కంప్యూటర్లోనే పోతాయి. సుంకానికి మూడు రెట్ల మొత్తానికి ఇద్దరూ బాండు రాసి సంతకాలు పెట్టారు. చట్టం చెప్పినట్టు నడుచుకుంటామని, సుంకం, వడ్డీ, జరిమానా ఏది పడితే అది కడతామని అందులో రాసి ఉంది. జూన్ 5న అధికారి అనుమతి వచ్చింది. ఓడలోంచి నూనె గొట్టాల ద్వారా పక్కపక్కనే ఉన్న రెండు ట్యాంకుల్లోకి దిగింది.

ఆ సాయంత్రం ఏజెంటు ఇద్దర్నీ కూర్చోబెట్టి ఉన్న సంగతంతా చెప్పాడు. అనుమతి వచ్చిన రోజు నుంచి ఏడాది వరకు సరుకు అక్కడ ఉండవచ్చు. మొదటి 90 రోజులకు వడ్డీ ఉండదు. అవి దాటాక, సరుకు తీసేనాటికి ఎంత సుంకం పడుతుందో ఆ మొత్తం మీద ఏడాదికి 15 శాతం చొప్పున వడ్డీ నడుస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైనది సుంకం రేటు. సరుకు ఏ రేటు నడిచే రోజుల్లో దిగిందన్నది లెక్కలోకి రాదు. బయటికి తీయడానికి ఏ రోజు బిల్లు వేస్తే ఆ రోజు రేటే పడుతుంది. పామాయిల్‌కు సుంకం లెక్కగట్టే విలువను కూడా ప్రభుత్వం పక్షానికోసారి ప్రకటిస్తుంది కనుక ఆ విలువ కూడా ఆ రోజుదే. పెద్దల్లుడు ఇవన్నీ చీటీ మీద రాసుకున్నాడు. చిన్నల్లుడికి ఏడాది గడువన్న మాట ఒక్కటే బాగా వినిపించింది.

ఆ గోదాముకు ఒక కీపర్ ఉండేది. ట్యాంకర్ డ్రైవర్లు ఆమెను కీపరమ్మ అనేవారు. ఆమె గుమాస్తాగా చేరిన రోజుల్లో బాండెడ్ గోదాములకు రెండు తాళాలుండేవి. ఒకటి కస్టమ్స్‌వారిది, ఒకటి గోదామువారిది. ఒకరు లేకుండా ఇంకొకరు తలుపు తీయలేకపోయేవారు. అధికారి రాలేదంటే సరుకు కదిలేది కాదు, ఎండలో లారీలు బారులు తీరేవి. 2016లో చట్టం మారింది. బంగారం, వెండి, ఎయిర్‌పోర్టుల్లో సుంకం లేకుండా అమ్మే సరుకు లాంటి వాటిని దాచే ప్రత్యేక గోదాములకు తప్ప మిగతావాటికి సర్కారు తాళం తీసేశారు. తాళం చోట లెక్కల పుస్తకం వచ్చింది. ఎంత వచ్చింది, ఎంత ఉంది, ఎంత పోయింది అన్నది కీపర్ ఏ రోజుకారోజు రాయాలి. నెల ముగిశాక పది రోజుల్లో ఆ లెక్క బాండు అధికారికి పంపాలి. వచ్చే నెలలో ఎవరి సరుకుకు గడువు తీరుతుందో ఆ జాబితా కూడా జతచేయాలి. తాళంచెవి అధికారి జేబులో ఉన్న కాలం కంటే తన మీదే భారం పెరిగిందని కీపరమ్మకు తెలుసు. అందుకే రోజూ పొద్దున్నే ట్యాంకు పైకెక్కి, కొలత టేపు దించి, నూనె మట్టం చూసి రాసిన తరవాతే ఆమె కాఫీ తాగేది.

పెద్దల్లుడు మర్నాడే వాకలపూడి వైపున్న రిఫైనరీల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఒక రిఫైనరీ 250 టన్నులు అడిగింది. ఆ రోజు మార్కెట్ ధర, ఆ రోజు సుంకం రెండూ చూసుకుని బేరం కుదుర్చుకున్నాడు. కొంత బయానా పుచ్చుకుని, దానికి తన దగ్గరున్నది కలిపి ఆ 250 టన్నులకు మాత్రమే 11 లక్షల సుంకం కట్టాడు. సరుకు పోయింది, డబ్బు వచ్చింది. ఆ డబ్బులోంచి జులైలో మరో 250 టన్నులకు సుంకం కట్టాడు. ఆగస్టులో ఇంకో 250. ప్రతిసారీ అదే పద్ధతి. ముందు కొనేవాణ్ణి చూసుకోవడం, తరవాత బిల్లు వేయడం. లాభం పెద్దదేమీ కాదు, టన్నుకు ఇంతని మిగిలేది. ఇంకా పది నెలల గడువుండగా సర్కారుకు తొందరపడి డబ్బు కట్టడమేమిటని బంధువుల్లో కొందరు అతన్ని చాదస్తుడన్నారు.

చిన్నల్లుడు ట్యాంకు వైపు చూడలేదు. దసరాకు, దీపావళికి నూనె ధర పెరుగుతుందని అతని లెక్క. ఆ లెక్కలో తప్పు లేదు, పండగలకు పెరగడం ఏటా చూస్తున్నదే. జులైలో అతనికి పాత బాకీ ఒకటి వసూలైంది. సగం సరుకుకు సుంకం కట్టి, బయటికి తెచ్చి మామూలు ట్యాంకులో ఉంచుకోవడానికి ఆ డబ్బు సరిపోయేది. ఏజెంటు ఆ మాట చెప్పి చూశాడు కూడా. చిన్నల్లుడికి గడువింకా బోలెడుంది. ఆ డబ్బుతో ఊరి శివార్లలో ఒక స్థలం కొన్నాడు.

సెప్టెంబర్ 3తో 90 రోజులు నిండాయి. వడ్డీ లేని రోజులు అయిపోయాయని కీపరమ్మ ఇద్దరికీ కబురు పంపింది. పెద్దల్లుడికి మిగిలినది 250 టన్నులే, దానికి కొనేవాణ్ణి వెతుకుతున్నాడు. చిన్నల్లుడు 5.5 శాతం సుంకం మీద వడ్డీ ఏపాటిదని నవ్వి ఊరుకున్నాడు. ఆ రేటుకు అది నిజంగానే చిన్న మొత్తం.

వినాయకుడి నిమజ్జనాలు ఇంకా జరుగుతున్నాయి. సెప్టెంబర్ 13 రాత్రి ఢిల్లీ నుంచి ఉత్తర్వు వెలువడింది. తెల్లవారితే 14వ తేదీ నుంచి ముడి వంటనూనెల మీద మూల సుంకం సున్నా నుంచి 20 శాతానికి పెరిగింది. సెస్సు, సర్‌ఛార్జీ కలిస్తే 27.5 శాతం. దేశంలో సోయా, పామాయిల్ రైతులకు ధర దక్కాలని చేసిన పని అది. గోదావరి జిల్లాల్లో, ఖమ్మం వైపు పామాయిల్ తోటల రైతులకు గెల ధర పెరిగింది కూడా. వాళ్లకు అది పండగే. నూనె కొనే ఇల్లాలికి మాత్రం ఆ వారంలోనే ప్యాకెట్ ధర పెరిగింది. ఒకే ఉత్తర్వు ఎవరికి మేలు చేసింది, ఎవరికి భారమైంది అన్నది వేరే కథ, అది కూడా చెప్పుకోవలసినదే.

బాండులో ఉన్న నూనెకు పాత రేటు ఉండదా అని చిన్నల్లుడు ఏజెంటు దగ్గరికి పరుగెత్తాడు. ఉండదు. జూన్‌లో చెప్పిన మాటనే ఏజెంటు మళ్లీ చెప్పాడు. జూన్‌లో 44 లక్షలతో పోయేది ఇప్పుడు 2 కోట్ల 20 లక్షలైంది. పైగా, వడ్డీ నడిచేది తీసేనాటి సుంకం మీద కనుక, 91వ రోజు నుంచి ఆ పెద్ద మొత్తం మీదే లెక్క పడుతుంది. 13వ తేదీలోపు సుంకం కట్టి సరుకు బయటపెట్టుకున్న వ్యాపారులకు పెరిగిన మార్కెట్ ధర అయాచితంగా కలిసొచ్చింది. ఆ వరసలో తాను లేనన్న బాధ చిన్నల్లుణ్ణి తినేసింది. నిన్నటి వరకు చేతికి అందేట్టున్న సొమ్మును సొంత సొమ్ము పోయినట్టే తలచుకున్నాడు.

పెద్దల్లుడి 250 టన్నులు కూడా ఈ దెబ్బలో ఇరుక్కున్నాయి. అతను అక్టోబర్ మొదట్లో 55 లక్షల సుంకం, నెల రోజుల వడ్డీ కట్టి వాటిని తీశాడు. జూన్‌లో అదే 250 టన్నులకు కట్టింది 11 లక్షలు. కానీ ఆ రోజు బేరం ఆ రోజు ధర మీద కుదిరింది. సుంకంతో పాటు మార్కెట్ కూడా పెరిగింది గనుక కొన్నవాడు కొత్త ధరే ఇచ్చాడు. పెద్దల్లుడికి మిగిలింది ఎప్పటిలాగే టన్నుకు ఇంత. అయాచితపు లాభం అతనికీ రాలేదు, ఎందుకంటే పాత రేటుకు తీసిన 750 టన్నులు అప్పటికే అమ్ముడైపోయాయి. ట్యాంకు ఖాళీ అయింది. బాకీ ఏమీ లేదని తేల్చి అతని బాండును రద్దు చేశారు. అతను రెండో ఓడకు ఆర్డరు పెట్టాడు.

ఊళ్లో కొందరు పెద్దల్లుడిది అదృష్టమన్నారు. నాకది ఒప్పుకోబుద్ధి కాదు. రేటు పెరిగినా, తగ్గినా, ఉన్నచోటే ఉన్నా అతనికి మిగిలేది ఆ కొంచెమే. అమ్మకం కుదిరిన నాడే సుంకం కట్టేవాడికి రేపటి రేటుతో పని లేదు.

చిన్నల్లుడు ఇప్పుడు కొత్త లెక్క వేశాడు. పెరిగిన సుంకం మళ్లీ తగ్గకపోదు, తగ్గినప్పుడే తీద్దామనుకున్నాడు. సుంకం తగ్గితే మార్కెట్ ధర కూడా దిగుతుందన్న సంగతి అతనికి తట్టలేదు. దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది. ఏడాది చివరికి అంతర్జాతీయ మార్కెట్లో పామాయిల్ బాగా ఎగసింది. డిసెంబర్‌లో ఒక రిఫైనరీ అతని నూనెను బాండులో ఉన్నదున్నట్టుగా కొంటామంది. చట్టం అందుకు ఒప్పుకుంటుంది. కొన్నవాడు కొత్త బాండు రాసిస్తే సుంకం భారం వాడి మీదికి పోతుంది. మంచి ధరే ఇస్తామన్నారు. ఆ బేరం ఒప్పుకుని ఉంటే చిన్నల్లుడు పెద్దల్లుడి కంటే ఎక్కువే గడించేవాడు. సెప్టెంబర్‌లో పోయిందనుకున్నదంతా రాబట్టాకే అమ్ముతానని పట్టుబట్టి అతను ఆ బేరం వదిలేశాడు.

ముడి పామాయిల్ చలికి గడ్డ కడుతుంది. ట్యాంకు అడుగున ఉన్న గొట్టాల్లో ఆవిరి నడిపి వెచ్చగా ఉంచాలి. ఆవిరికి డబ్బు, ట్యాంకుకు అద్దె, బ్యాంకు అప్పుకు వడ్డీ, సుంకం మీద వడ్డీ. నూనె ఉన్నచోటే ఉంది, ఖర్చు మాత్రం నడుస్తూనే ఉంది.

సంక్రాంతి వచ్చింది. భోగి ముందు రోజు రాత్రి చిన్నల్లుడు రెండు ట్యాంకర్లు వెంటబెట్టుకుని గోదాముకు వచ్చాడు. పక్క ఊళ్లో ఒక వ్యాపారికి అర్జంటుగా 50 టన్నులు కావాలి, సరుకు దిగగానే రొక్కం ఇస్తానన్నాడు. ఆ 50 టన్నులకు సుంకం పది లక్షల పైన ఉంది, అది చిన్నల్లుడి చేతిలో లేదు. కనుమ వెళ్లాక బిల్లు వేసి సుంకం కట్టేస్తానని, ఆ నాలుగు రోజులు లెక్కలో నూనె ఉన్నట్టే రాయమని కీపరమ్మను బతిమాలాడు. తలుపుకు సర్కారు తాళం లేదు. అధికారి ఊళ్లో లేడు. కాపలావాడు పండక్కి ఇంటికి వెళ్లాడు. వాల్వు తిప్పితే నూనె పారుతుంది, తిప్పగలిగేది ఆమె ఒక్కతే.

ఆమె తిప్పలేదు. అనుమతి లేకుండా సరుకు కదిలితే పడే శిక్ష ఆమెకు తెలుసు. పూర్తి సుంకం, వడ్డీ, జరిమానా, ఆ పైన గోదాము లైసెన్సుకే ముప్పు. ఆ రోజు ఆమెను ఆపింది ఆ భయమే అయితే ఈ కథలో ఆమెకు ఇంత చోటు ఉండేది కాదు. అదే చోట మరో పదిమంది వ్యాపారుల సరుకు ఉంది. తాళం లేకపోయినా సరుకు భద్రంగా ఉంటుందని వాళ్లంతా, వాళ్లతో పాటు సర్కారూ నమ్మారు కాబట్టే ఎవరికీ ఎండలో లారీ నిలబెట్టుకునే బాధ లేకుండా పోయింది. ఒక్క రాత్రి లెక్క తప్పు రాస్తే ఆ పదిమంది తలుపులకూ మళ్లీ తాళం పడుతుంది. ఆమె ట్యాంకర్లను ఖాళీగా తిప్పి పంపింది. ఎప్పటిలాగే తెల్లవారుజామున టేపు దించి, మట్టం చూసి, రాసింది.

చిన్నల్లుడు గోదాము యజమాని దగ్గరికి వెళ్లి ఆమెను పనిలోంచి తీసేయమన్నాడు. యజమాని తీయలేదు. నెల తిరక్కుండానే బాండు అధికారి చెప్పకుండా తనిఖీకి వచ్చి ప్రతి ట్యాంకులో టేపు దించాడు. పుస్తకంలో ఉన్నదీ ట్యాంకులో ఉన్నదీ సరిపోయాయి. చిన్నల్లుడి ట్యాంకు కూడా సరిపోయింది. ఆ రాత్రి ఆమె ఒప్పుకుని ఉంటే తన గతి ఏమయ్యేదో అతను అప్పుడు ఆలోచించుకున్నాడో లేదో తెలియదు. ఆమెను మాత్రం మళ్లీ ఏమీ అనలేదు.

ఎండలు మొదలయ్యాయి. అంతర్జాతీయ ధర నెమ్మదిగా దిగుతూ వచ్చింది. సుంకం మాత్రం దిగలేదు. ఏప్రిల్‌లో నూనె నమూనా తీసి పరీక్ష చేయిస్తే ఎఫ్‌ఎఫ్‌ఏ బాగా పెరిగిందని తేలింది. నూనె నిల్వ ఉన్నకొద్దీ పెరిగే ఆమ్లం అది. అది పెరిగితే శుద్ధి చేసేటప్పుడు తరుగు పెరుగుతుంది, రిఫైనరీ ధర కోస్తుంది.

మే నెల మొదటి పది రోజుల్లో కీపరమ్మ పంపిన జాబితాలో, జూన్‌లో గడువు తీరే సరుకు కింద చిన్నల్లుడి వెయ్యి టన్నులు ఉన్నాయి. అతను గడువు పొడిగించమని అడగబోయాడు. తగిన కారణం చూపితే కమిషనర్ ఒకసారికి ఏడాది వరకు పొడిగించవచ్చు. అయితే చెడిపోయే సరుకైతే ఉన్న గడువునే తగ్గించే అధికారమూ చట్టంలో ఉంది. పరీక్ష కాగితం చూసి ఏజెంటు ఆ దరఖాస్తు మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు. సరుకు మీద హక్కు వదులుకుంటే సుంకం కట్టే పని ఉండదు, కానీ 8 కోట్ల నూనె అక్కడే పోతుంది. చిన్నల్లుడికి దారులన్నీ మూసుకుపోయాయి. జులైలో కొన్న స్థలం తక్కువ ధరకు అమ్మాడు, చాలక నగలు తాకట్టు పెట్టాడు. మే 15న బిల్లు వేశాడు. 2 కోట్ల 20 లక్షల సుంకం. వడ్డీ ఇంచుమించు 23 లక్షలు. ఆ 23 లక్షలూ పెద్దల్లుడే సర్దాడు, ఎందుకిలా చేశావని ఒక్క మాట అడగలేదు.

గడువు భయంతో తీసిన సరుకు గనుక ఆ రోజుకు కొనేవాడు ఎవరూ సిద్ధంగా లేరు. నూనెను మామూలు ట్యాంకులోకి మార్చి బేరాలు వెతకడం మొదలుపెట్టాడు. మే నెలాఖరున మళ్లీ ఉత్తర్వు వచ్చింది. ముడి నూనెల మూల సుంకం 20 నుంచి 10 శాతానికి తగ్గింది, అన్నీ కలిపితే 16.5 శాతం. చిన్నల్లుడు ఎనిమిది నెలలుగా ఎదురుచూసిన రోజు వచ్చింది. అతని ఊహ నిజమైంది. అప్పటికి అతని నూనె 27.5 శాతం కట్టి బయట కూర్చుంది. కొత్తగా వచ్చే సరుకు తక్కువ సుంకంతో మార్కెట్లో దిగుతుంటే అతనిది ఎవరూ పాత ధరకు కొనలేదు. సుంకంలో తేడా ఒక్కటే 88 లక్షలు, ఎఫ్‌ఎఫ్‌ఏ కోత అదనం. దొరికిన ధరకు అమ్ముకుని బ్యాంకు అప్పు తీర్చేసరికి, మామగారు ఇచ్చిన పెట్టుబడిలో సగం కూడా మిగల్లేదు.

ఆ జూన్‌లో పెద్దల్లుడి మరో ఓడ రేవుకొచ్చింది. కీపరమ్మ అదే ట్యాంకు చూపించింది. అతను మర్నాడు పొద్దున్నే వాకలపూడి వెళ్లాడు. ఈసారి చిన్నల్లుణ్ణి కూడా వెంట తీసుకెళ్లాడు.

నీతి: గడువు ఇచ్చేవాడు మన మాటను నమ్మి ఇస్తాడు, ఆ నమ్మకం మన సొమ్ము కాదు గనుక దాన్ని పందెం కాయడానికి మనకు హక్కు లేదు. పెద్దల్లుడు గడువును పని చేసుకోవడానికి వాడుకున్నాడు, కీపరమ్మ ఆ నమ్మకాన్ని కాపాడింది, చిన్నల్లుడు దాన్ని పందెంలో పెట్టాడు. చదివేవారూ, మీ చేతిలో అలాంటి గడువు ఏదైనా ఉంటే, ఆఖరి రోజు ఎప్పుడా అని లెక్కపెట్టకుండా ఈ రోజే ఎంత తీర్చగలరో అంత తీర్చండి.